పాలు లేని గోలీ

ఆ రోజుల్లో ఎవరైనా పాలు మానేశారంటే ఇంట్లో బర్రె వట్టిపోయి ఉండాలి, లేదా దేవుడికి మొక్కుకుని ఉండాలి. (ఇప్పుడు దానికి వీగన్ అని పేరు పెట్టారు. ఆ పేరు వినకుండానే మా మేనత్త ఆ గుంపులో చేరిపోయింది.)

డెబ్బైల చివర్లో హన్మకొండలో ఆ మేనత్తా మామల ఇంట్లోనే ఉంటూ ఉద్యోగాలకు దరఖాస్తులు పెట్టేవాణ్ని. నాకు సర్కారు నౌకరీ వస్తే మేడారం జాతరలో తల్లికి నిలువెత్తు బంగారం (అంటే తన బరువంత బెల్లం, మేడారంలో బెల్లమే బంగారం) ఇస్తాననీ, జాతర అయ్యేదాకా మాంసం, గుడ్డు, పాలు, పెరుగు ముట్టననీ అత్త మొక్కింది. నౌకరీ వచ్చింది. జాతర ఇంకా చాలా దూరముంది. ఈలోగా అత్త ఒళ్లు బరువెక్కింది. ఎండాకాలంలో దుప్పటి కప్పుకునేది. అన్నిటికంటే ఘోరం, మామను తిడుతూ తిడుతూ మధ్యలో నిద్రపోయేది. వాడకట్టంతా పనులాపుకుని వినే తిట్లవి! అవి సగంలో ఆగిపోతుంటే మామ కూడా బెంగపడ్డాడు. (ఆ బెంగలో కొంత బెల్లం గురించి. అత్త బరువు నెలనెలా పెరుగుతోంది మరి.)

పెద్ద దవాఖాన డాక్టరు థైరాయిడ్ అని తేల్చి, రోజూ వేసుకోమని గోలీలు రాసిచ్చాడు. వేసుకోకపోతే గుండెకు ప్రమాదమని నాకు విడిగా చెప్పాడు. గోలీల డబ్బా కొని ఇంటికి తెచ్చాను. అంతలో పక్కింటి పెద్దమ్మ వచ్చి "గవి గొర్రె గొంతులకెల్లి తీస్తరంట" అంది. అత్త డబ్బా మూత కూడా తియ్యలేదు. అత్తను వెంటబెట్టుకుని మందుల షాపుకు పోయాను. షాపాయన "అది పాత ముచ్చట. గిప్పుడు మిషన్లనే తయారు జేస్తాన్రు" అని ధైర్యం చెప్పి, అంతటితో ఊరుకోక, "గోలీ కట్టనీకి జర పాలచక్కెర కలుపుతరు, గంతే" అన్నాడు. అత్త వెనక్కి తిరిగి ఇంటిదారి పట్టింది.

ఇక పాలు లేని గోలీ కోసం సైకిలేసుకుని కాజీపేట దాకా ప్రతి షాపూ ఎక్కి దిగాను. "గోలీల పాలేంది తమ్మీ, ఇదేమన్న చాయ్ హోటలా?" అన్నాడొకాయన. చివరికి డాక్టరే నచ్చజెప్పబోయాడు. "అమ్మా, అండ్ల చీమ తాగేటన్ని పాలు గూడ ఉండయ్."

"చీమకు కనవడకపోతే తల్లికి కనవడయా సారూ?" అని, అత్త దవాఖాన బెంచీ మీదే నిద్రపోయింది.

దారి కనిపెట్టింది మామే. "మొక్కింది వీని నౌకరి కోసమే గద. తినుడు బందు వెట్టుడు, కాంటా ఎక్కుడు వీన్నే జెయ్యమను" అంటూ నా బక్క ఒంటిని ఆశగా చూశాడు. అత్త చాలాసేపు ఆలోచించి, దీపం ముందు నా చేత మొక్కించింది. మర్నాడు పొద్దున తను గోలీ మింగింది, నేను నల్ల చాయ్ మింగాను. ఆదివారాలు నా ఎదురుగానే కూర్చుని మూలుగ బొక్క జుర్రుతూ "ఫికర్ జెయ్యకు అల్లుడా, జాతర దగ్గరవడ్డది" అనేది. (జాతర మాఘమాసంలో. అప్పటికింకా వానలే మొదలవలేదు.)

జాతర ముందు బెల్లం దుకాణంలో కాంటా ఎక్కాను. పెరుగన్నం కూడా లేక ఇంకా చిక్కిన నన్ను చూసి మామ ముఖం వెలిగిపోయింది. అత్త గబగబా వచ్చి నా రెండు భుజాలూ పట్టి కిందికి నొక్కింది. "తల్లికి తక్కువ తూపిస్తవా, సిగ్గులేనోడా!" అని మామను అందుకుంది. అలా అందుకున్నది బస్సు మేడారం చేరేదాకా ఆగలేదు. ఒక్క కునుకు తియ్యలేదు. మామ బెల్లం మూట ఒళ్లో పెట్టుకుని కళ్లు తుడుచుకుంటున్నాడు.

"తిట్టనియ్ రా, మొత్తం తిట్టనియ్" అన్నాడు నాతో.

ఇప్పుడు అదే గోలీ నాకూ రాశారు. పరగడుపున మింగి, పాల చాయ్ కోసం గడియారం చూస్తూ కూర్చుంటాను. అత్తా లేదు, మామా లేడు. ఇద్దరూ తెగ గుర్తొస్తారు. మా ఆవిడ ఏదో ఒకటి దొరకబుచ్చుకుని నన్ను తిడుతూనే ఉంటుంది. హాయిగా వింటాను. మధ్యలో ఆపిందంటే మాత్రం తటాలున తలెత్తి చూస్తాను.