రాసి లేని మాట

మొన్న మా అబ్బాయిని బడిలో రంగు కాగితాల బొమ్మేదో చేసుకు రమ్మంటే మైదాపిండి ఉడకబెట్టాను. జిగురు వాసన వంటింట్లో లేచేసరికి గరిటె తిప్పుతున్న చెయ్యి ఆగిపోయింది. తొంభైల చివర్లో, అద్దంకి దగ్గర మా పల్లెలో, క్రిస్మస్‌కి ముందు మా ఇల్లంతా ఇదే వాసన.

నాన్న మా చిన్న మందిరానికి ఉపదేశి. వారమంతా మిరపచేలో పని, ఆదివారం వాక్యం. పండగ దగ్గరపడితే వెదురుబద్దలు చీల్చి నక్షత్రం కట్టేవాడు. అమ్మ అరిసెలకి పాకం పడుతుంటే, ఆ తీపి ఆవిరిలో కూర్చుని నేను కాగితాలు కత్తిరిస్తుంటే, మా చెల్లి రూతు, ఆరేళ్ళది, వేళ్ళకంటిన జిగురు నాకుతూ ఉండేది. పండగ వెళ్ళాక కల్లాలు. ఎండబోసిన మిరపకాయల ఘాటుకి తుమ్ముతూ, కళ్ళు నులుముకుంటూ, తెల్లబడిన తాలుకాయలు ఏరుతూ, మధ్యమధ్య పత్తి దూది ఊది గాల్లోకి ఎగరేస్తూ పొద్దు గడిపేవాళ్ళం. మధ్యాహ్నం అన్నాలయ్యాక నాన్న కూలివాళ్ళకి పరిశుద్ధ గ్రంథం చదివి వినిపించేవాడు. వాళ్ళలో చాలామందికి చదువు రాదు, అమ్మకీ రాదు. చదువుతున్నంతసేపూ వేలు అక్షరం కింద ఉండేది. వివరం చెప్పేటప్పుడు వేలు తీసేసి, ఇది నా మాట, రాసున్నది కాదు అని మరీ చెప్పేవాడు.

నేను అయిదో తరగతిలో ఉండగా రూతుకి కామెర్లు ముదిరాయి. ఒంగోలు ఆసుపత్రిలో పదిరోజులుంచి, ఇక ఇంటికి తీసుకెళ్ళమన్నారు. ఆ వారమే మా ఊళ్ళో సభలు పెట్టిన ఒక బోధకుడు వచ్చి రూతు తలమీద చెయ్యి వేశాడు. ఈ బిడ్డ బతుకుతుందని, వచ్చే క్రిస్మస్‌కి నిలబడి పాట పాడుతుందని దేవుడు తనకి చెప్పాడన్నాడు. అమ్మ ఆయన కాళ్ళమీద పడి ఏడ్చింది. అన్నిరోజుల తర్వాత ఆ పూట అన్నం తిన్నది.

ఆదివారం నాన్న మందిరానికి బయల్దేరుతుంటే అమ్మ గుమ్మంలో అడ్డం నిలబడింది. ఆ మాట దేవుడిదేనని నువ్వు కూడా అందరి ముందూ చెప్పు, అప్పుడు నాకు ధైర్యం అని బతిమాలింది.

"ఆయనతో దేవుడేం చెప్పాడో నాకు తెలవదే. నాకు తెలిసింది ఈ గ్రంథంలో ఉన్నదే. ఇందులో మన రూతు బతుకుద్దని లేదు."

"నాకోసం ఒక్క మాట చెప్తే ఏం పోయిద్ది?"

"లేనిది ఉందని ఇయ్యాళ చెప్తే, రేపు ఉన్నది చెప్పినా ఎట్టా నమ్ముతావు?"

ఆయన మందిరంలో ఆ మాట ఎత్తలేదు. నమ్మకం లేని ఉపదేశి అన్నారు జనం.

సాయంత్రం వసారాలో మంచం మీద పడుకున్న రూతు నాన్న చొక్కా పట్టుకుంది. "నాకు తగ్గుద్దని దేవుడు చెప్పాడంట గదా నాన్నా?"

"నువ్వు ఎక్కడున్నా ఆయన నీతో ఉంటానన్నాడమ్మా. అది మాత్రం రాసుంది."

"మరి నువ్వు?"

నాన్న చెల్లి చెయ్యి తన చెంపకి ఆనించుకున్నాడు.

మూడో కోత కాయ కల్లంలో ఎండుతుండగానే, ఒక మధ్యాహ్నం, రూతు వెళ్ళిపోయింది. నాన్న ఆ బోధకుడి మాట ఒప్పుకోకపోబట్టే బిడ్డ పోయిందని ఊరంతా అనుకుంది. ఆయన ఎవరికీ ఎదురు చెప్పలేదు. అమ్మ ఆయనకి అన్నం పెట్టేది, నీళ్ళు తోడేది. ఆయన గ్రంథం తెరిస్తే మాత్రం లేచి అవతలికి వెళ్ళిపోయేది. నేను డిగ్రీ చదువుతుండగా నాన్న గుండెనొప్పితో పోయేదాకా అంతే.

ఆ రోజు నాన్న అబద్ధం ఆడివుంటే బాగుండేదని నాకు చాలా ఏళ్ళు కోపం. చెల్లి ఆ నాలుగురోజులైనా నవ్వుతూ ఉండేదిగదా అని.

మా మందిరం పడగొట్టి పెద్దది కట్టారు. కల్లాలు ఇళ్ళస్థలాలయ్యాయి. పిల్లల్ని పాతిపెట్టిన చోట రూతుది ఎక్కడో ఇప్పుడు గుర్తుపట్టలేం. అమ్మ నా దగ్గరే ఉంటోంది. ఈమధ్య ఆదివారాలు వాక్యం చదవమని తనే అడుగుతోంది. చదువుతుంటే మధ్యలో ఆపుతుంది.

"నిజంగా అట్టాగే రాసుందా?"

ఉందమ్మా అంటాను.

"మీ నాన్న చదివితే అడిగే పని ఉండేది కాదు" అంటుంది.