జైసల్మేరు దాకా గీసిన దారి

బోధన్‌లో నేను భూగోళం చెప్పే రోజుల్లో, చెరుకు లారీలు బాగుచేసే మెకానిక్ ఒకాయన మా పక్కింట్లో ఉండేవాడు. తాతల నాటి నుంచీ ఆ ఊళ్ళోనే ఉన్న ముస్లిం కుటుంబం. వయసులో పెద్దవాడు కాబట్టి నేను అన్నా అనేవాణ్ని. ఆయన నన్ను సార్ అనేవాడు. మిలిటరీ వాళ్ళు వేలంలో అమ్మేసిన పాత జీపు ఒకటి కొని, పని లేనప్పుడల్లా విప్పి బిగించి, చివరికి నడిచేలా చేశాడు. మొదటిసారి నన్ను ఎక్కించుకుని డిచ్‌పల్లి దాకా పోయి వచ్చాడు.

"బండైతే తయారైంది సార్. ఏడికి పోదాం?" అన్నాడు తిరుగు దారిలో.

"పిల్లలకు ఎడారులు, లోయలు అన్నీ చెప్తనే గని, నేను నాందేడు దాటి ఏదీ చూడలే అన్నా."

"అయితే గవే చూద్దాం."

నిజామాబాద్‌లో దేశపటం కొనుక్కొచ్చి ఆయన షెడ్డు గోడకు అంటించాం. ఎర్ర పెన్సిలుతో నేనే దారి గీశాను. నాగపూర్ మీదుగా కాన్హా నేషనల్ పార్కు, అక్కడ పులులు. జబల్పూర్ దగ్గర పాలరాతిని కోసుకుంటూ పోయే నర్మద లోయ. తర్వాత చంబల్ లోయలు, ఆఖరున జైసల్మేరు ఇసుక. దసరా సెలవుల్లో బయలుదేరి, చక్కెర ఫ్యాక్టరీలో చెరుకు ఆడడం మొదలయ్యేలోగా తిరిగి రావాలి. ఆయన తల్లి కూడా వస్తానంది.

"గా ఇసుకల జనం నీళ్ళేడికెల్లి తెచ్చుకుంటరు బేటా?" అని నన్ను అడిగేది.

లారీ డ్రైవర్లు ఆ గీత మీద వేలు పెట్టి, ఎక్కడ రోడ్డు బాగుందో ఎక్కడ లేదో చెప్పిపోయేవారు. ఊరందరికీ మా ప్రయాణం తెలుసు.

దసరాకు ముందే పాకిస్తాన్‌తో యుద్ధం వచ్చింది. హోటలు రేడియోలో రాజస్థాన్ సరిహద్దు ఊళ్ళ పేర్లు వినపడసాగాయి. పటం తీసేయాలని మా ఇద్దరికీ తోచలేదు.

ఒకరోజు నేను బడి నుంచి వచ్చేసరికి షెడ్డు మూసి ఉంది. తల్లి వాకిట్లో నిలబడి ఉంది.

"ఠాణా నుంచి వచ్చి తీస్కపోయిండ్రు బేటా. సరిహద్దుకు దారెందుకు గీసినవని అడిగిండ్రు. నువ్వు పోయి చెప్పు, నీ మాటింటరు."

పోయాను. ఆయన గ్రీజు చేతులు ఒళ్ళో పెట్టుకుని బల్ల మీద కూర్చుని ఉన్నాడు.

"గా గీత గీసింది నేను," అన్నాను అధికారితో. "పోదామన్నది గూడ నేనే. అడిగేదుంటే నన్నడగండ్రి."

అధికారి నాకు కుర్చీ చూపించాడు. "మీ మీద మాకేం అనుమానం లేదు సార్. మీరు ఇంటికి పోండ్రి."

"మరి ఆయన మీదెందుకు?"

"పైకెల్లి ఆర్డరొచ్చింది. నేనేం చేస్త సార్?"

కాన్హా ఎక్కడుందో, నర్మద ఎటు పారుతుందో క్లాసులో చెప్పినట్టు చెప్పాను. అన్నిటికీ తలూపాడు. చీకటి పడేదాకా కూర్చున్నాను. నన్నెవరూ పొమ్మనలేదు, నా మాట ఎవరూ రాసుకోలేదు.

"ఇగ పోండ్రి సార్. అమ్మకు భయపడొద్దని చెప్పుండ్రి," అని చివరికి ఆయనే అన్నాడు.

మర్నాడు వదిలేశారు. కొట్టలేదన్నాడు. యుద్ధం ముగిసేదాకా రోజూ ఠాణాకు పోయి కనిపించి రావాలి. కొన్నాళ్ళు నేనూ వెంట నడిచాను. నన్ను చూస్తే నమస్తే అనేవారు, ఆయన్ని బయట నిలబెట్టేవారు. తర్వాత వెంట రావద్దన్నాడు.

ఆ చలికాలంలో జీపును మోస్రా వైపు రైతుకు అమ్మేశాడు. నాకు చెప్పలేదు.

మరుసటి ఏడు దసరాకు ముందు ధైర్యం చేసి కదిలించాను. "రైల్లనన్న పోదామన్నా. నర్మద దాకనే. సరిహద్దు దిక్కే వద్దు."

ఆయన నట్లు కిరోసిన్‌లో కడుగుతున్నాడు. "ఏడికన్న పోవాల్నంటె ముందుగాల ఎవల్ని అడగాల్నో జెర తెలుసుకొని చెప్పుండ్రి సార్. అడిగే పోదాం."

కోపంతో అనలేదు. చదువుకున్నవాణ్ని కదా, నాకు నిజంగానే తెలిసి ఉంటుందన్నట్టు నా మొహంలోకి చూశాడు. సీజనుకు సిద్ధం చేయాల్సిన లారీ ఒకటి లోపలికి వచ్చింది. ఆయన గోనెపట్టా పరుచుకుని దాని కిందికి వెళ్ళిపోయాడు.