బండ మీద ఇద్దరు ఈరన్నలు

మంచు గురించి కథలు చెప్పుకోవడానికి చిన్న ఈరన్న తగని ఊళ్ళో పుట్టాడు. కోసిగికి అవతల, మబ్బు కనబడితే బంధువొచ్చినట్టు అందరూ బయటికొచ్చి చూసే పల్లె అది. అక్కడ మంచు అంటే సోడా అంగడిలో రంపప్పొట్టు కింద దాచిన ఐసుగడ్డ. ఆ గడ్డను ఆకాశం తురిమి పోస్తే ఎలా ఉంటుందో, ఆ తురుములో నడుము దాకా దిగబడినప్పుడు కాళ్ళు తనవో పరాయివో తెలియకపోవడం ఎలా ఉంటుందో మే నెల ఎండలో ఈరన్న చెబుతుంటే, జనం విసనకర్రలు ఆపి వినేవాళ్ళు. నమ్మి కాదు. వినడానికి చల్లగా ఉండేదని.

అందరికంటే తక్కువ నమ్మింది అతని భార్య హంపమ్మ.

"గాడిదలు కాసేదానికి కాశ్మీరం దాంకా పోవల్లా? ఈడ్నే కాసింటే మాపటికి ఇంటికొస్తాంటివి," అనేది.

అవి గాడిదలు కావు, కంచరగాడిదలు అని ఈరన్న సరిదిద్దేవాడు. గాడిదకంటే ఎత్తు, గుర్రంకంటే మొండి. కొండల్లో లారీ పోలేని చోటికి కిరోసిన్ డబ్బాలు, బియ్యం, మందుగుండు మోసేవి అవే. తుపాకి పట్టుకోవాలని మిలిట్రీలో చేరిన కుర్రవాడు, ఒక బెదిరిన జంతువు మెడ మీద చెయ్యి వేసి నిలబెట్టడం ఎవరో ఆఫీసరు చూశాడు. ఆ రోజు నుంచి ఈరన్న చేతిలో తుపాకికంటే పగ్గమే ఎక్కువ కాలం ఉంది.

అతనికి అప్పగించిన కంచరగాడిదకు గిట్ట మీద కాల్చిన నెంబరే తప్ప పేరు లేదు. ఈరన్న దానికి ఈరన్న అని పెట్టాడు. అతని ఊళ్ళో అదేమీ వింత కాదు. ఉరుకుంద ఈరన్న స్వామికి మొక్కుకుంటే పుట్టిన బిడ్డకు ఈరన్న, బతికి బట్టకట్టిన దూడకు ఈరన్న. వాళ్ళన్న పెద్ద ఈరన్న. వీధిలో నిలబడి ఈరన్నా అని కేకేస్తే ఏడెనిమిది తలకాయలు లేస్తాయి. పిలిచిన గొంతులోని కోపాన్నిబట్టో, ప్రేమనుబట్టో ఎవరికి వాళ్ళే తేల్చుకుంటారు. పిలుపు తనది కాదనుకున్న తలకాయ మళ్ళీ పనిలోకి వంగుతుంది. ఇంతమంది ఈరన్నలతో ఆ ఊళ్ళో ఏనాడూ ఏ తికమకా రాలేదు.

తికమక వచ్చింది మంచులో. అది బయటపడింది మాత్రం ముప్ఫై ఏళ్ళకు పైగా గడిచాక, ఒక బండ వల్ల.

ఊరి నుంచి మిలిట్రీలో పనిచేసినవాళ్ళ పేర్లు చెక్కించి బడి ఆవరణలో నిలబెట్టాలని పంచాయతీ తీర్మానించింది. బేతంచెర్ల బండ, నున్నగా పాలిష్ పట్టినది. పేరు, పేరు కింద మెడల్. సర్పంచి వీరభద్ర నలుగురు మాజీ సైనికులనూ పిలిచి డిశ్చార్జి పుస్తకాలు తెమ్మన్నాడు.

మిగతా ముగ్గురికీ ఏదో ఒకటి ఉంది. ఈరన్న పుస్తకంలో, ఆ ఎత్తున చలికాలం గడిపినవాళ్ళకిచ్చే మంచుకొండల మెడల్ ఉండాల్సిన చోట ఏమీ లేదు. మెడల్ తర్వాత పంపుతారులే అని రిటైరైన రోజు అనుకున్నాడు. రైలెక్కి వచ్చాడు. పొలం, బోరు, ఉల్లిగడ్డల ధర, ఇద్దరు కూతుళ్ళ పెళ్ళిళ్ళు. ఆ ‘తర్వాత’ అనేది రానే లేదు.

"పుస్తకంలో లేంది బండ మీద చెక్కిస్తే రేపు నన్ను అడుగుతారు చిన్నాయనా," అన్నాడు వీరభద్ర. "ఆగస్టు దాంకా టైముండాది. కాగితం తెప్పిచ్చుకో."

ఆ సంగతి హంపమ్మకు చేరడానికి ఈరన్న ఇల్లు చేరేంత సేపు కూడా పట్టలేదు.

"నీ పేరు కింద జాగా ఖాళీనంట కదా," అంది రొట్టె తడుతూ. "ఆడ నా పేరు చెక్కమను. నువ్వు యాడుంటివో ఎవురికీ తెల్దు గాని, నేను ఈ ఇంటిని కాస్తాన్నేది ఊరంతా చూసింది."

ఈరన్న నవ్వాడు. కానీ ఆ మధ్యాహ్నం పొలానికి పోకుండా మంచం మీద వెల్లకిలా పడుకొని పైకప్పు చూస్తుండిపోయాడు. కాగితం మీద తప్పు పడితే దిద్దుకోవచ్చు. రాయి మీద ఖాళీ పడితే? తను పోయాక కూడా బడిపిల్లలు ఆ ఖాళీని వేళ్ళతో తడుముతారు. హంపమ్మ మాటే నిజమని ఊరు ఒప్పుకుంటుంది.

కర్నూలులో సైనికుల సంక్షేమం చూసే ఆఫీసు ద్వారా అర్జీ పెట్టాడు. ఆ చలికాలం తను మంచుకొండ మీది ఫలానా కాపలా పోస్టులో ఉన్నానని, తనతో ఉన్న కంచరగాడిద గిట్ట నెంబరు ఇదని రాయించాడు. తన ఫోను నెంబరు తడుముకునేవాడు గాని ఆ నెంబరు నిద్రలో అడిగినా చెప్పేవాడు. కొన్నాళ్ళకు ఉత్తరాది నుంచి జవాబు వచ్చింది. కర్నూలు ఆఫీసులోని గుమాస్తా దాన్ని రెండుసార్లు చదివి, నవ్వు ఆపుకోవడానికి కళ్ళజోడు తుడుచుకున్నాడు.

"మీ కంచరగాడిద అక్కడికి పోయినట్టు రికార్డు ఉందంట. మీరు పోయినట్టు లేదంట."

"అది ఒక్కటే యెట్ల పోతాది సార్?"

"అదే నేనూ ఆలోచిస్తున్నా," అన్నాడు గుమాస్తా. "ఆ చలికాలం మీతో ఉన్నవాళ్ళెవరైనా ప్రమాణపత్రం ఇస్తే మళ్ళీ పంపుదాం."

ఉన్నది ఒక్కడే. ఎర్రగుంట్ల ఓబుళేశు. ఒకే గుడారంలో పడుకున్నవాడు. ఇప్పుడు ఒక సిమెంటు ఫ్యాక్టరీ గేటు దగ్గర లారీలను లోపలికి, బయటికి పంపే వాచ్‌మన్.

ఈరన్న రైలెక్కాడు. జొన్నరొట్టెలు, చెనిక్కాయల పొడి మూట కట్టుకొని హంపమ్మ కూడా ఎక్కింది. "నీ సాక్షిని నేనూ చూడల్ల," అంది.

ఎర్రగుంట్లలో చెట్ల ఆకులు కూడా బూడిదరంగులో ఉన్నాయి. సిమెంటు దుమ్ము ఊరి మీద సన్నగా, ఆపకుండా రాలుతుంటే ఈరన్నకు ఒక్క క్షణం వెన్నులో చలి పాకింది. ఓబుళేశు ఇంటి గోడకు, అద్దాల పటంలో అదే మంచుకొండల మెడల్ వేలాడుతోంది. పటం ముందు చిన్న దీపం. ఓబుళేశు భార్య కృష్ణవేణమ్మ మంచినీళ్ళిచ్చి, పేరు అడిగి, మొహమంతా వెలిగించుకొంది.

"ఓ, తోక పట్టుకున్న ఈరన్నన్నవు నువ్వేనా?"

"తోకనా?" అంది హంపమ్మ.

"అవునక్కా. మంచు గాలిలో దావ కనపడకుంటే మా ఆయన ముందు నడిచి కంచరగాడిదను పట్టుకోనొచ్చినాడంట. ఈ అన్న ఎనకాల తోక పట్టుకోని, ఇంటికి పోవల్లని ఏడుస్తా వచ్చినాడంట. మా మనవరాలు అన్నం తినకుంటే ఈ కతే చెప్తాం."

ఈరన్న ఓబుళేశు వైపు చూశాడు. ఓబుళేశు గోడ మీది బల్లిని చాలా శ్రద్ధగా చూస్తున్నాడు. తోక పట్టుకుంది ఎవరో ఆ ఇద్దరికీ తెలుసు. కానీ సంతకం కావాల్సింది ఈరన్నకు. గ్లాసులోని నీళ్ళన్నీ తాగి, ఇంకా ఉన్నట్టు మళ్ళీ తాగాడు. హంపమ్మ కళ్ళు ఒకరి మీంచి ఒకరి మీదికి, తీరిగ్గా, పేలు చూసే దువ్వెనలా కదిలాయి.

మగవాళ్ళిద్దరూ టీ తాగే నెపంతో ఫ్యాక్టరీ గేటు దగ్గరికి జారుకున్నారు.

"నేను ఏడిస్తినా?" అన్నాడు ఈరన్న.

"కతలో ఒకరు ఏడవల్ల కదప్పా. నేనే ఏడిస్తినని పెండ్లాంతో చెప్పుకుందునా?" అన్నాడు ఓబుళేశు. "సరే గాని, ఇంత దూరం యాల వస్తివి?"

ఈరన్న బండ సంగతి, ఉత్తరాది జవాబు సంగతి చెప్పాడు. విన్నకొద్దీ ఓబుళేశు టీ గ్లాసు మెల్లగా కిందికి దిగింది.

"ఈరన్నా, ఆ పోస్టుకు పోయినోళ్ళ చిట్టీ రాసింది నేనే."

"ఏమని రాస్తివి?"

"యెంతమంది తింటారో, వాళ్ళ పేర్లు రాయమనిరి. మనింట్లో యెంతమంది అంటే ఎద్దులను కలుపుకోనే కదా చెప్తాం. ఈరన్న, ఓబుళేశు, ఈరన్న అని రాస్తి. నెంబర్లు రాసేదానికి వేళ్ళు వంగల్య."

లారీలు పోతున్నాయి. కొండ కింద వెచ్చటి గుడారంలో కూర్చున్న మిలిట్రీ గుమాస్తా ఎవరో, ఒకే పేరు రెండుసార్లు పడిందనుకొని ఒకటి కొట్టేసి ఉంటాడు. కంచరగాడిద లెక్క వేరే పుస్తకంలో ఎలాగూ ఉంటుంది. మిగిలిపోయిన ఈరన్న ఏ పుస్తకంలోనూ లేకుండా పోయాడు.

"నీ చిట్టీ చల్లగుండ," అన్నాడు ఈరన్న. "ఇప్పుడు సంతకం పెట్టకుంటే నిన్ను ఈ లారీ కింద తోస్తా."

"పెడ్తాలే. కానీ నువ్వు ముందుంటివని రాస్తే నా ఇంట్లో నా బతుకేంగాను?"

"ఇంగ్లీషులో రాయిద్దాం."

"మా కోడలు లక్ష్మీప్రియ ఇంగ్లీషు టీచరు."

ఈరన్న దిగాలుపడ్డాడు. ఓబుళేశు గ్లాసు అడుగున మిగిలిన చక్కెర ఊపుతూ ఆలోచించాడు. ఉన్నట్టుండి అతని మీసం ఒక పక్కకు లేచింది.

"నిజమే రాద్దాం. అంతా నిజమే. ముందు ఎవురుండ్రి?"

"నేనే."

"ఒట్టేయ్. ఉరుకుంద ఈరన్న మీద వెయ్."

ఈరన్న వెయ్యలేదు. ఆ తెల్లటి గాలి మళ్ళీ చెవుల్లో ఊదింది. కనురెప్పలు గడ్డకట్టి మూసుకుపోయాయి. దాని మెడ వెంట్రుకల్లో మొహం దాచుకొని వేలాడుతున్న అతన్ని, తోక పట్టుకొని కాళ్ళీడ్చుకుంటూ వస్తున్న ఓబుళేశును లాక్కుంటూ, కిరోసిన్ డబ్బాలు మోస్తూ ఆ మొండి జంతువు ఒక్కో గిట్టా తాటించి, వాసన చూసి, నేలను నమ్మాకే బరువు మోపుతూ పోస్టు దాకా తెచ్చింది. దానికి దారి చూపినవాడు ఎవడూ లేడు. ఆ నడకను తనదిగా చేసుకొని ఈరన్న ఇన్నేళ్ళూ వీధి వీధికీ చల్లగాలి పంచాడు.

"ముందు అది ఉండె," అన్నాడు చివరికి.

"అట్ల రాయిద్దాం. నువ్వు మెడ, నేను తోక. ఇద్దరికీ సమానంగా పరువు పోతాది."

ఆ సాయంత్రం నోటరీ ముద్ర పడిన ప్రమాణపత్రాన్ని లక్ష్మీప్రియ ఇంట్లో తెలుగులో చదివి వినిపించింది. కృష్ణవేణమ్మ విని, లేచి, గోడ మీది పటం దగ్గరకెళ్ళి దీపం వత్తి సరిచేసింది.

"ఇన్నేండ్లూ ఆ జీవానికి పెట్టాల్సిన దీపం మా ఆయన మెడల్‌కు పెడ్తాంటి," అంది.

హంపమ్మ కొంగు నోట్లో కుక్కుకొని నవ్వింది. రైల్లోనూ నవ్వింది. గుత్తి దాటాక నవ్వు ఆపి, "నిజంగానే కండ్లు మూసుకపోయినాయా?" అని అడిగింది. ఈరన్న అవునన్నాడు. కాసేపు అతని కనురెప్పల వైపే చూసి, రొట్టె ముక్క చుట్టి చేతిలో పెట్టింది.

జూలైలో దిద్దిన కాగితం వచ్చింది. వెనకే చిన్న డబ్బాలో మెడల్. హంపమ్మ దాన్ని అరచేతిలో పెట్టి బరువు చూసి, "ఇంతేనా?" అంది. తర్వాత అది రెండు రోజులు ఇంట్లో కనబడలేదు. ఆమె కొంగుముడిలో వీధులన్నీ తిరిగింది. ఈరన్న ఎన్నడూ చెప్పనంత మంచు ఆమె కథలో కురిసింది. ఆమె చెబితే ఊరు నమ్మింది కూడా.

ఇంక బండ మిగిలింది. ఈరన్న వీరభద్ర దగ్గరకెళ్ళి తన పేరుకు పైన ఇంకో పేరు చెక్కించమన్నాడు. ఖర్చు తనదే.

"బడిలో గాడిద పేరా చిన్నాయనా?"

"గాడిదని ఎవురు రాయమన్యారు? ఈరన్న అని రాయి. ఆ పేరు పెట్టుకున్నోళ్ళు ఈ ఊర్లో గాడిదలైతే చెప్పు."

వీరభద్ర వాళ్ళ నాయన పేరు కూడా ఈరన్నే. వెంటనే చిట్టీ రాసి బేతంచెర్లకు పంపించాడు.

ఆగస్టు మొదట్లో, బండ చెక్కే ఆనందం ఈరన్నకు ఫోను చేశాడు. బండ లారీకెక్కించామని చెప్పి, తన జాగ్రత్త తనే మెచ్చుకుంటూ ఒక మాట కలిపాడు.

"మీ చిట్టీలో తప్పు పడిండాదన్నా. ఈరన్న అని రెండు తూర్లు రాసినారు. నేను చూసుకోని ఒకటి కొట్టేసినాలే."

ఫోను చెవి దగ్గరే ఉండగా ఈరన్నకు మొదలైన నవ్వు ఇంట్లోంచి హంపమ్మను బయటికి రప్పించింది. ఆనందం అవతల కంగారుపడ్డాడు. తప్పైతే తనే వచ్చి చెక్కుతానన్నాడు. అడుగున జాగా ఉందన్నాడు.

"అడుగునైతే వద్దులేప్పా," అన్నాడు ఈరన్న కళ్ళు తుడుచుకుంటూ. "అది ముందు నడిచింది. అట్లే ఉండనీ. ఉండే ఒక్క పేరు దానిదే అనుకుంటా."

పంద్రాగస్టు నాడు బడి ఆవరణలో బండ నిలబడింది. నున్నటి రాయి మీద ఎండ జారుతోంది. నాలుగు పేర్లు. వాటిలో ఒకటి ఈరన్న, కింద మంచుకొండల మెడల్. జెండా ఎగిరాక జనం సర్దుకుంటుంటే, చొక్కాకు మెడల్ తగిలించుకున్న చిన్న ఈరన్న బండ ముందుకెళ్ళి, మడమలు కలిపి, చాలాసేపు సెల్యూట్ కొట్టాడు.

"చూడండప్పా," అంది ప్రేమమ్మ అనే పక్కింటావిడ. "తన పేరుకు తానే మొక్కుకుంటాన్నాడు."

"ఈయప్పకు అంత కొవ్వు యాడుండాది," అంది హంపమ్మ. ఎండలో మెరుస్తున్న ఆ పేరును తనూ ఒకసారి చూసింది. "మెడల్ ఈ ఈరన్నకు, బండ ముందు నడిచిన ఈరన్నకు. పంచుకున్యారు."