మూగబోయిన గొట్టం

మేముండే బస్తీ జహనుమాలో మా సందు చివర సెల్‌ఫోన్లు బాగుచేసే దుకాణం ఉంది. నిన్న అటుగా వస్తుంటే టంకం వేస్తున్న వాసన తగిలింది. యాదగిరి సార్ గుర్తొచ్చారు. డెబ్భైల చివర్లో నేను డిప్లొమా చదివి, పెద్ద బెలూన్లకు దుర్భిణీలు కట్టి ఆకాశంలోకి పంపే ప్రయోగశాలలో చేరినప్పుడు నా పై అధికారి ఆయనే. లాల్‌దర్వాజాలో పాలవ్యాపారం చేసే ఇంట్లో పుట్టారు. పొద్దున బర్రెల పాలు పిండి, సైకిలెక్కి పనికి వచ్చేవారు.

మా దుర్భిణి వెతికేది గామా కిరణాలను. కానీ వాటిని మించి వేరే కణాలు అన్ని వైపుల నుంచీ వానలా కురుస్తాయి. అందుకే దుర్భిణి చుట్టూ ప్లాస్టిక్ పలకల కవచం కట్టేవాళ్లం. అలాంటి కణం దూరితే పలకలో కంటికందని మెరుపు పుడుతుంది. పలకకు అతికించిన గాజు గొట్టం ఆ మెరుపును పట్టి మాకు చెబుతుంది. గామా కిరణం మాత్రం కవచంలో మెరుపు పుట్టించకుండానే లోపలికొస్తుంది. మొదటిరోజు సార్ నా అరచేతిని పలక మీద పెట్టించారు. గొట్టానికి తగిలించిన యంత్రం తెర మీద పచ్చటి గీత ఎగిరిపడింది.

“ఆ కణం నీ చేతిల నుంచే పోయిండొచ్చు బిడ్డా. ఎక్కడ్నుంచి వచ్చిందో, మస్తు దూరం,” అన్నారు.

చాలాసేపు చెయ్యి తీయబుద్ధి కాలేదు.

బయటి వెలుతురు సోకితే గొట్టాలు పనికిరావు. పలకలకు చుట్టే నల్లగుడ్డ కోసం పత్తర్‌గట్టి బట్టల బజారుకు వెళ్లాం. సార్ గుడ్డను తలమీంచి కప్పుకుని ఎండలో నిలబడ్డారు. “క్యా దేఖ్‌రైఁ సాబ్?” అంటూ ఏం చూస్తున్నారో అడిగాడు దుకాణదారు. “అంధేరా దేఖ్‌రౌఁ, భాయ్,” చీకటిని చూస్తున్నానన్నారాయన లోపల్నుంచే. చీకటి సరిపోలేదని మూడు తానులు వద్దన్నారు.

బెలూన్ ఎగరాల్సిన ముందురోజు కవచం పట్టీ బిగిస్తూ ఏడో గొట్టాన్ని మోచేత్తో తాకాను. ఆ తర్వాత అది చెప్పే మెరుపుల లెక్క సగానికి పడింది. భయంతో నోరు మెదపలేదు. తెల్లారి గ్యాస్ నింపబోతుండగా ఇక ఆగలేకపోయాను.

“సార్, ఏడోది నిన్నటి సంది తక్కువ చెప్తుంది. నా చెయ్యే తాకింది. చెప్పలే.”

ఆయన నన్నొకసారి చూసి, ప్రయోగం మొత్తం నడిపే పెద్దాయన దగ్గరికి నేరుగా వెళ్లి పని ఆపమన్నారు.

“ఒక్క గొట్టమే కదా?” అన్నారు పెద్దాయన.

“గామా వస్తే కవచం సప్పుడు చెయ్యది సార్. గొట్టం సచ్చినా చెయ్యది. రెండూ ఒక్కతీరే ఉంటయ్. ఎట్ల గుర్తుపడ్తం?”

“ఎవరి తప్పు?”

“నాది. ఆఖరుసారి నేను చూడాల్సుండె.”

విప్పి చూస్తే గొట్టానికీ పలకకూ మధ్య వెంట్రుకంత సందు. బాగుచేశాక అనుకూలమైన గాలి కోసం పదకొండు రోజులు ఎదురుచూశాం. ఆ రోజుల్లో నేను సరిగా తినలేదు. చివరికి బెలూన్ లేచింది. కొన్ని నెలల తర్వాత పెద్దాయన ఒక కాగితం మా ముందు పరిచి, ఆకాశంలో ఒకే దిక్కు నుంచి వచ్చిన కిరణాల లెక్క చూపించారు. కవచంలో మెరుపు పుట్టని క్షణాలవి. సార్ ఆ అంకెల మీద మెల్లగా వేలు పెట్టారు, పసిబిడ్డను తాకినట్టు.

ఆ చెయ్యి నాదని ఆయన ఎవరికీ చెప్పలేదు. తర్వాత నేనూ అధికారినయ్యాను. ఆలస్యంగా వచ్చి తప్పు చెప్పినవాళ్లను ఒక్కరినీ కసరలేదు. ముందు కూర్చోమన్నాను. ఎప్పటి నుంచి తేడాగా ఉందో మాత్రం అడిగాను.