గున్నమ్మ అరచెయ్యి

గున్నమ్మ అరచేతికి ఒక అలవాటు ఉండేది. మంచాన పడ్డ మనిషి రెప్పలు వాలితే చాలు, దానంతటదే లేచి చెంప మీద తట్టేది.

ఆమెకు పదమూడేళ్లప్పుడు గొలుగొండ చెరకుతోటలో తమ్ముడిని పాము కరిచింది. నర్సీపట్నం ఆసుపత్రికి బండి కట్టారు. పాము కరిచినవాడు నిద్రపోతే మరి లేవడని ఆ పక్క నమ్మకం. వాణ్ని మేలుకొలిపి ఉంచే పని ఆమెకు అప్పజెప్పారు. దారిలో ఎండకు ఆమె ఒక్క కునుకు తీసింది. కళ్లు తెరిచేసరికి తమ్ముడు పడుకుని ఉన్నాడు. మరి లేవలేదు. ఎవరూ ఆమెను ఏమీ అనలేదు. ఆమె ఏడవలేదు. ఆ రోజు నుంచి చెయ్యి మాత్రం మేలుకునే ఉంది.

పెళ్లాడిన భీమన్న బెల్లం వండేవాడు. సీజనులో పొయ్యి ఆరదు, పాకం చూసేవాడు పడుకోడు. పందొమ్మిదివందల డెబ్బై ఆరులో, ఐదు రోజులు వరసగా నిద్ర లేకుండా వండాక, పెనం దించుతూ ఉంటే ఎడమ గజ్జలో పేగు జారి, వాపు రాయిలా బిగుసుకుపోయింది. ఆ రోజే నర్సీపట్నంలో ఒక చిన్న నర్సింగుహోములో కోశారు.

నర్సు నిద్రమాత్రలు ఇస్తే గున్నమ్మ కొంగున ముడేసుకుని, వేశానని చెప్పింది. భీమన్న కళ్లు మూతపడినప్పుడల్లా చెంప తట్టింది. రెండు రోజులు అతనికి కునుకు పడనివ్వలేదు. తగ్గవలసిన నొప్పి పెరిగింది. దుప్పటి అంచు తగిలినా అతను ముడుచుకుపోయేవాడు.

"నన్ను పాము కరవలేదే. డాక్టరు బాబు కోసేడు. నన్నొగ్గీ," అన్నాడు.

ఆమె విన్నది. మళ్లీ తట్టింది.

మూడేళ్లకు కుడివైపూ పేగు జారింది. పెనం ఎత్తలేకపోయాడు. కోయించకపోతే పేగు చిక్కుకుంటుందని, ప్రాణం మీదికొస్తుందని నర్సింగుహోము డాక్టరు సోమసుందరంగారు చెప్పారు. భీమన్న రానన్నాడు. ఆ నొప్పి ఇంకోసారి పడేకంటే ఇలాగే పోతానన్నాడు.

గున్నమ్మ ఒక్కతే బస్సెక్కి డాక్టరుగారి దగ్గరికి వెళ్లింది. కొంగున దాచిన మాత్రల సంగతి, తమ్ముడి బండిలో తను తీసిన కునుకు సంగతి, మొదటిసారి ఒకరికి చెప్పింది. ఆయన తిట్టలేదు. కాసేపు కళ్లజోడు తుడుచుకున్నారు. తమ్ముణ్ని తీసుకుపోయింది విషమేగానీ ఆమె కునుకు కాదన్నారు. ఆ మాట ఆమెలోకి దిగినట్టు మొహంలో ఏమీ కనిపించలేదు.

"నిద్ర లేని ఒంటికి చిన్న నొప్పీ పెద్దదవుతుంది. ఈ మాత్ర నొప్పిని తియ్యదమ్మా, నిద్రనిస్తుంది. నిద్రపడితే నొప్పిని ఓర్చుకోవడం తేలిక."

"నిద్దరోతే మరి లెగుస్తాడా, బాబూ?"

"నేనూ నర్సూ చూస్తుంటాం. నువ్వు ఊపిరి చూడు. చెంప ముట్టుకోకు."

ఇంటికొచ్చి భీమన్నకు అంతా చెప్పింది. ఈసారి తట్టనంది. అతను ఆమె చేతి వంక చాలాసేపు చూశాడు.

"ఆ సెయ్యి నీ మాటింటాదేటే?"

అలా అంటూనే ఒప్పుకున్నాడు. బెల్లం వంటలు ముగిశాక, వారం రోజులు కడుపారా తిని, కంటినిండా నిద్రపోయి వెళ్లాడు. ఆపరేషనుకు ముందు రోజు సాయంత్రం నర్సు ఇచ్చిన మాత్ర వేసుకున్నాడు. కోసిన మర్నాడు మధ్యాహ్నం నొప్పికి సూది వేసి, నర్సు ఇంకో మాత్ర గున్నమ్మ అరచేతిలో పెట్టింది. గున్నమ్మ దాన్ని అతని నాలుక మీద పెట్టింది.

కాసేపటికి రెప్పలు వాలాయి. చెయ్యి లేచింది. ఆమె దాన్ని తొడకింద పెట్టి, బల్ల మీద దానిపైనే కూర్చుంది. గదిలో ఎండ తెల్లగా, కదలకుండా ఉంది. తెల్లదుప్పటి లేచేది, దిగేది. పొంగురాని పాకంలా మెల్లగా. ఆమెకు భయం కూడా వెయ్యలేదు. భయం ఉండవలసిన చోట ఏమీ లేదు. దుప్పటి లేచింది. దిగింది.

దీపాల వేళకు భీమన్న కళ్లు తెరిచాడు.

"నొప్పుందేటి?" అంది.

"ఉంది. పక్కింట్లో ఉన్నట్టుంది."

అప్పుడు ఆమె చెయ్యి బయటికి తీసింది. పూర్తిగా తిమ్మిరెక్కి వేలాడింది. భీమన్న దాన్ని అందుకుని తన చెంప మీద పెట్టుకున్నాడు. ఆ చెంప వెచ్చగా ఉందో చల్లగా ఉందో చేతికి తెలియలేదు.