మనుషుల్ని ఎక్కించని కెప్టెన్

బట్టలు కుట్టే ఫ్యాక్టరీ గేటు పక్కన ఒక రేకుల గది. అందులో పాత కంప్యూటరు, మేకులకు వేలాడే వ్యాన్ల తాళాలు, కిర్రుమనే కుర్చీ. ఆ కుర్చీలో కూర్చునే మనిషిని అందరూ కెప్టెన్ అంటారు. సాయంత్రం షిఫ్టు దిగిన ఆడవాళ్లను వ్యాన్లెక్కించి ఇళ్లకు పంపడం అతని ఉద్యోగం. ఆ పేరు మాత్రం ఉద్యోగం వల్ల రాలేదు, ఆట వల్ల వచ్చింది.

చదువుకునే రోజుల్లో కంప్యూటర్ సెంటర్లో అబ్బిన ఆట అది. నల్లటి తెర, తెల్లటి గీతలతో గీసిన ఓడ. ఒక గ్రహంలో ధాన్యం కొని ఇంకో గ్రహంలో అమ్మాలి, అక్కడ యంత్రాలు కొనాలి, దారిదోపిడీగాళ్లను తప్పించుకుంటూ చుక్క నుంచి చుక్కకు పోవాలి. గిరగిరా తిరిగే స్టేషన్ నోట్లోకి ఓడను గుద్దుకోకుండా దూర్చడం ఒక విద్య. ఇప్పటి పిల్లలు చూస్తే పడీపడీ నవ్వుతారు. అతనికి మాత్రం మధ్యాహ్నం బాక్సు ఖాళీ చేశాక ఒక చుక్కైనా చుట్టి రాకపోతే తిన్నది అరగదు.

ఆ మధ్యాహ్నం డ్రైవరు వెనక నిలబడి తెర మీది సరుకుల ధరలు చూస్తున్నాడు.

"అన్నా, ఇక్కడ బానిసలని ఉంది. లాభమంతా దీన్లోనే ఉన్నట్టుంది. కొనెయ్ మరి!"

"ఛీ, నోర్ముయ్! ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా నా ఓడలో మనుషుల్ని సరుకులా ఎక్కించలేదు. లాభం పోతే పోనీ. మనిషన్నాక ఒక నీతి ఉండద్దూ?"

గుమ్మంలో ఎవరో నవ్వారు. అక్క. సొంత అక్క. ఆ ఫ్యాక్టరీలోనే కాలర్లు కుడుతుంది, తమ్ముడు పంపే వ్యానులోనే ఇంటికెళ్తుంది. పక్కన తనతో కుట్టుపని చేసే ఒకామె ఉంది.

"ఎంత మంచివాడివిరా నాయనా! నీ ఓడ ఎప్పుడు బయల్దేరుతుందో చెప్పు, మేమూ అందులోనే పోతాం."

"నిలబెట్టినా పర్లేదు కెప్టెన్ గారూ," అంది తోటి ఆమె. "రెండు కాళ్లూ ఆనితే చాలు. మీ వ్యానులో ఒక కాలే నాది, రెండోది ఎవరిదో తెలీదు."

డ్రైవరు పకపకా నవ్వి, కెప్టెన్ మొహం చూసి ఆపేశాడు.

డీజిలు దండగని ఓనరు మూడో వ్యానును ఆపేసి చాలా రోజులైంది. అది షెడ్డులో దుమ్ము కొట్టుకుపోతుంటే, పద్నాలుగు సీట్ల బండిలో ముప్పైమందిని కూరుతున్నారు.

"నిన్న నా పక్క మిషను పిల్లకి ఊపిరాడక స్పృహ తప్పింది," అంది అక్క. "పడటానికైనా చోటుండాలి కదా, నిలబడే ఉంది పాపం. దిగేదాకా ఎవరికీ తెలీలేదు. ఓనరుకి చెప్పమని ఎన్నిసార్లు అడిగాం నిన్ను?"

"నా చేతిలో ఏముందక్కా?"

"తలుపుందిగా."

ఆ మాట అనేసి వెళ్లిపోయింది. నిజమే, రోజూ ఆ తలుపుకి భుజం ఆనించి నెట్టేది అతనే. నెడుతూ "కాస్త సర్దుకోండమ్మా" అంటాడు. సర్దుకోమనే మాట మన దగ్గర ఎప్పుడూ నిలబడ్డవాళ్లకే చెబుతారు. కుర్చీలో ఉన్నవాణ్ణి సర్దుకోమన్న పాపాన ఎవరూ పోలేదు.

ఈ సాయంత్రం చెప్పేస్తానని అతను గట్టిగానే అనుకున్నాడు. షిఫ్టు దిగేసరికి ఓనరు కారు దగ్గరే ఉన్నాడు కూడా.

"ఏంటయ్యా, బండి ఇంకా కదల్లేదు?"

"ఏం లేదు సార్. పంపేస్తున్నా."

అంతే. నోరు మూతపడింది, భుజం తలుపు మీదికి పోయింది. అద్దానికి ఒక చెంప అతుక్కుని ఉంది, అక్కది. ఆమె తిట్టలేదు. ఆ కళ్లలోకి చూడలేక అతను ఇంకొంచెం గట్టిగా నెట్టాడు.

"ఆగు. నేను దిగుతా."

అక్క దిగింది. వెనకే తోటి ఆమె, ఆమె వెనక ఇంకొకరు. సీట్లున్నంతమంది మిగిలేదాకా దిగుతూనే ఉన్నారు. దిగినవాళ్లు వెళ్లి ఓనరు కారుకి అడ్డంగా గేటు దారిలో కూర్చున్నారు.

"ఇదేం పద్ధతి? లేవండి!"

"పక్క నుంచి కాస్త సర్దుకుని పోండి సార్," అంది ఒకామె.

"నిలబడి చూస్తావేంటయ్యా? తోసి ఎక్కించు!" అని ఓనరు కెప్టెన్ మీద విరుచుకుపడ్డాడు. అందరూ అతని వైపే చూశారు. తొయ్యలేదు, తొయ్యనని అననూ లేదు. తల వంచుకుని చెప్పుల వంక చూస్తూ నిలబడ్డాడు. ఎంతసేపటికీ ఎవరూ లేవకపోయేసరికి, "తగలెయ్, ఆ మూడోది తియ్యి" అన్నాడు ఓనరు.

మర్నాటి నుంచి మూడు వ్యాన్లూ తిరిగాయి. విడ్డూరమేమిటంటే, కెప్టెన్ ఓనరుకి ఎదురు తిరిగాడని ఫ్యాక్టరీలో చెప్పుకున్నారు. ఎవరైనా మెచ్చుకుంటే అతను ఔననలేదు, కాదనలేదు. నవ్వి ఊరుకున్నాడు. ఆ నవ్వు చూసిన రోజున అక్క తమ్ముడితో మాట్లాడకుండా వ్యానెక్కింది. మధ్యాహ్నాలు ఆట తెరిస్తే సరుకుల పట్టికలో ఆ ఒక్క వరసా కంట్లో నలుసులా గుచ్చుకుంటుంటే, కంప్యూటరే కట్టేశాడు.

వారం గడిచాక, కొత్తగా చేరిన కుట్టుపనామె వ్యానెక్కబోతూ దండం పెట్టింది. "మా కోసం ఓనరుకి అడ్డంగా నిలబడ్డారంట కదన్నా!"

అక్క కిటికీ పక్క సీట్లో కూర్చుని వింటోంది. అతనికి చెవులు కాలాయి.

"నేను నిలబడలేదమ్మా. వీళ్లు కూర్చున్నారు," అన్నాడు. గొంతు పెంచి, అందరికీ వినపడేలా, "ఆ రోజు కూడా నేను తలుపే నెట్టాను. లోపల మా అక్క ఉందని తెలిసీ నెట్టాను" అన్నాడు.

కొత్తామె ఎక్కి కూర్చుంది.

"సర్లే, తలుపెయ్యి," అంది అక్క. "భుజం అక్కర్లేదు. చేత్తో వేస్తే పడుతుంది."