వాగు పొంగుతుంటే రొట్టెలు పంచిన మేస్త్రి

ఎనభైల్లో ఒక వానాకాలం, పాల్వంచ దాటాక అడవి వాగులో దిగబడ్డ బస్సును నా ఒక్కడి భుజంతో ఒడ్డెక్కించానని అందరికీ చెబుతుంటాను. అబద్ధం. నేను తోయనే లేదు. ఓ కంపెనీలో సూపర్‌వైజర్‌ని కదా, "తొయ్యుండ్రి, జల్దీ!" అని గట్టు మీద నిలబడి అరిచాను. పైనుంచి వరద పెరుగుతోంది, బస్సు అంగుళం కదలడం లేదు.

అప్పుడు, నాట్ల కూలీలను వెంటబెట్టుకుని మాతోపాటు బస్సెక్కిన మేస్త్రి, ఓ నడివయసు ఆడమనిషి, సంచిలోంచి జొన్నరొట్టెలు తీసి తోసేవాళ్లకు తుంచి పంచింది.

"నీళ్లొస్తుంటే ఇప్పుడు తిండేందమ్మా?" అన్నాను.

"పొద్దటి సంది తిననోళ్లు ఏం తోస్తరు సారూ? నువ్వు అరుసుడు ఆపి ఈ పిల్లను ఎత్తుకో."

ఎవరి చంటిపిల్లో నా చేతుల్లోకొచ్చింది. తోసేవాళ్లకు రొట్టె ముక్క గొంతు దిగిందో లేదో, ఆమె చీర బిగించి, "తిన్నరు గదా, ఇగ పట్టుండ్రి!" అంటూ అందరికంటే ముందు తానే భుజం ఆనించింది. మూడో ఊపుకు బస్సు గట్టెక్కింది! మేము కేకలు పెడుతుండగానే చక్రాల గుంతల మీదుగా ఎర్రనీళ్లు ఉరికాయి.

మర్నాడే డ్యూటీలో నా మనుషులను "తిన్నారా?" అని అడిగానని రాద్దామనుకున్నాను. నిజానికి ఏడాది పట్టింది. అడిగిన రోజు, నాకు ఒంట్లో బాగోలేదేమోనని వాళ్లు కంగారుపడ్డారు.